ఎనభై నాలుగు వైన్ల కింద ఒక పేరు

పోయిన వారం వాసవీకుమారి ముక్కు దగ్గర గ్లాసు పెట్టుకుని ముఖం చిట్లించే సమయానికి మనం పత్రిక మూసేశాం. పాపం, ఏడు రోజులుగా ఆ పిల్ల ఆ వాసన భరిస్తూ అలాగే నిలబడి ఉంది. ఇంక ఆలస్యం చెయ్యకుండా ఆమెని కదిలిద్దాం. కాకపోతే ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు కొందరుంటారు. వాళ్ల కోసం నాలుగు ముక్కలు.

ఒడిశాలో బరంపురం నుంచి గోపాలపురం సముద్రతీరానికి వెళ్లే రోడ్డు మీద 'పట్టంచు' అనే రెస్టారెంటు తెరిచి ఏడాది కావస్తోంది. యజమాని ఉదయ్ భాస్కర్. మూడు తరాలుగా పట్టుచీరలు అమ్మిన ఇంటివాడు. నలభై దాటాక చీరల మీద మోజు తీరిపోయి, గొప్పవాళ్లు భోంచేసే చోటు ఒకటి నడపాలని ముచ్చటపడ్డాడు. వాసవి ఛత్రపురం పిల్ల. తండ్రి మొగలిపూల అత్తరు బట్టీలో మేస్త్రీ. పువ్వు పొద్దున కోసిందో నిన్న కోసిందో చిన్నప్పుడే వాసన చూసి చెప్పేసేది. ఆ ముక్కే ఆమెకి అన్నం పెట్టింది. బెంగళూరులో ఓ పెద్ద హోటల్లో ఆరేళ్లపాటు వైన్లు ఎంచి, ఏ వంటకానికి ఏది పొయ్యాలో చెప్పే ఉద్యోగం చేసింది. ఎంచేది ఈ పిల్ల, లిస్టు కింద అచ్చయ్యే పేరు మాత్రం పైఅధికారిది. ఆరేళ్లూ అదే వరస. "మా లిస్టు కింద నీ పేరే వేస్తాను" అని ఉదయ్ భాస్కర్ అన్న ఒక్క మాటకి రెండు నెలల కిందట బెంగళూరు వదిలి వచ్చేసింది.

ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి హైదరాబాదు నుంచి సుశ్మిత వస్తోంది. భోజనాల గురించి రాసే ఒక పత్రిక తరఫున ఊరూరా తిరిగి, రెస్టారెంట్ల వైను లిస్టులు చదివి, రుచి చూసి, ఒకటి నుంచి మూడు దాకా ద్రాక్షగుత్తులు వేసే మనిషి ఆవిడ. ఆవిడ మూడు గుత్తులు వేసిందంటే ఆ రెస్టారెంటు పేరు దేశమంతా తెలుస్తుంది, లిస్టు ఎంచిన మనిషి పేరు కూడా. అందుకే, ఇలాంటి అతిథుల కోసమని ఏడాదిగా దాచి, నిన్న సాయంత్రం ఉదయ్ వాళ్ల పాత పట్టుకొట్టు నుంచి ఆటోల్లో తెప్పించిన విదేశీ సీసాల్లో ఒకటి పొద్దున్నే తెరిచి చూద్దామనుకుంది వాసవి. బిరడా లాగింది. గ్లాసులో రెండు గుక్కలు పోసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

పళ్ల వాసన రావాలి. రాలేదు. అమ్మమ్మ పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసన వచ్చింది.

వాసవి ఇంకో సీసా తెరిచింది. అదే వాసన. మూడోది, అదే. పన్నెండు సీసాలు తెరిచింది, పన్నెండింట్లోనూ అదే. అప్పుడు మన నాసిక్ నుంచి వచ్చిన మామూలు తెల్ల వైను ఒకటి తీసింది. దానికి బిరడా లేదు, రేకు మర మూత. తిప్పి తీసింది. పచ్చి జామకాయ వాసన, నిమ్మతొక్క వాసన, శుభ్రంగా వచ్చాయి. వాసవి స్టోరు రూములో నేల మీద చతికిలబడింది.

"ఏటమ్మా, కింద కూసున్నావు?"

స్టోరు చూసే రామం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరవై రెండేళ్లు. ముప్ఫై ఏళ్లు ఉదయ్ వాళ్ల పట్టుకొట్లో చీరల బాధ్యత అంతా ఆయనదే. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న బ్రష్షు ఒకటి, దుమ్ము కనపడితే చాలు దులిపేస్తాడు.

"రామం మావయ్యా, ఈ సీసాలు ఏడాది నుంచీ ఎక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయమ్మా, మన కొట్లోనే, మేడమీద బీరువాల్లో. నానే సూసుకున్నాను." ఆయన ముఖం వెలిగింది. ఇన్నాళ్లకి ఆ సంగతి అడిగిన మనిషి దొరికింది కదా. "ఒక్కో సీసాకీ తెల్ల మల్లుగుడ్డ సుట్టినాను. ఎండ తగలనిచ్చినాననుకున్నావా? ఊహూఁ. నెలకోపాలి తీసి, దుమ్ము దులిపి, గుడ్డ మార్చి, మల్లీ పెట్టీవోన్ని. పట్టుసీర మడత మారుస్తాం సూడు, అలగన్నమాట."

"పడుకోబెట్టినారా, నిలబెట్టినారా?"

"పడుకోబెడితే కారిపోవేటి? నిలబెట్టే ఉంచినాను."

"పురుగు పట్టకండా ఏటైనా..." అంది వాసవి.

"అది సెప్పాలా? అరకి నాలుగేసి కలరా ఉండలు. కరిగిపోతే మల్లీ యేసీవోన్ని. పట్టుబట్ట కన్నా కరీదైన సరుకు, జాగర్త రామం, అన్నారు ఉదయ్ బాబు. మరి పట్టుబట్ట కన్నా జాగర్తగా సూడద్దేటి?"

వాసవికి ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఉంది. రాలేదు. ఏడుపొచ్చింది. ఈ భూమ్మీద ఇంకే ఊళ్లోనైనా వైను పాడవుతుంది, ఎండకో, అజాగ్రత్తకో. ఇంత శ్రద్ధగా, ఇంత ప్రేమగా పాడుచెయ్యడం బరంపురం పట్టుకొట్టులో తప్ప ఇంకెక్కడా జరగదు. ఆమె గ్లాసు ఆయనకి ఇచ్చింది.

"తాగకండి. వాసన సూడండి."

రామం గ్లాసు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నవ్వాడు. "మన కొట్టు వాసనే. బాగుందమ్మా."

"అదే వచ్చిన సిక్కు, మావయ్యా. బిరడా అంటే చెట్టు బెరడు. సీసా పడుకుని ఉంటే వైను తగుల్తూ బిరడా తడిగా ఉంటాది. నిలబడితే ఎండిపోతాది. ఎండిన బిరడా పక్కనున్న వాసనంతా పీల్చీసి లోపలికి పంపీసినాది. ఇందులో ఉన్నది ఇంక వైను కాదు."

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, ఎక్కడ దింపుకోవాలో తెలియనట్టు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. జేబులో బ్రష్షు తీసి, తెరిచిన సీసా మెడ మీద లేని దుమ్ము దులిపాడు.

"అన్నీనా?" అన్నాడు.

"బిరడా ఉన్నవన్నీ. రేకు మూతవి బాగానే ఉన్నాయి."

"అయితే నా పని అయిపోనాదమ్మా."

"మీ పని ఎందుకైపోద్ది? మీకెవలైనా సెప్పినారేటి, ఇలగ పెట్టాలని? నాను సూసుకుంటాను, ఉండండి." అనేసింది గానీ, ఎలా చూసుకోవాలో ఆమెకే తెలియదు.

ఉదయ్ భాస్కర్ డైనింగు హాల్లో ఉన్నాడు. కుర్చీలు తనే సర్దుతున్నాడు. సిల్కు కుర్తా, కొత్త అత్తరు. బల్ల మీద నిన్న రాత్రి అచ్చయి వచ్చిన లిస్టు ఉంది. అట్టకి నిజంగానే పట్టంచు కుట్టించాడు, ఎర్ర అంచు మీద ఏనుగులు. చేతిలోకి తీసుకుంటే కిలో తూగుతుంది. ఆఖరి పేజీలో 'ఎంపిక: ఛత్రపురం వాసవీకుమారి' అని బంగారు అక్షరాలు, పైన సంతకానికి ఖాళీ. లిస్టు ఎంచిన మనిషి స్వహస్తంతో సంతకం చెయ్యాలన్నది ఆ పత్రికవాళ్ల నియమం.

"వచ్చినావా? సంతకం పెట్టీయి. ఆవిడ దిగిపోనాదట, హోటల్లో స్నానం సేసి వచ్చేస్తాది."

"ఇది నాను రాసిన లిస్టు కాదు సార్."

ఉదయ్ నవ్వాడు. "నువ్వు రాసిందాంట్లో ఇరవై రెండు పేర్లున్నాయి. సూడగానే నాకు నీరసమొచ్చినాది. సరుకు సప్లై సేసే ఏజెంటు ఎనబై నాలుగు రాసిచ్చినాడు. సూడు వాసవీ, మా కొట్టుకి పెళ్లోరొస్తే ముందు ముప్పై సీరలు పరుస్తాం. కొనేది రెండే. అయినా ముప్పై పరుస్తాం. మనిషికి కల్లు తిరగాల. లిస్టయినా అంతే."

"పరిసిన ముప్పైలో సిరిగినవి కూడా పరుస్తారేటి?"

అతని నవ్వు ఆగింది. "ఏటన్నావు?"

వాసవి లిస్టు తెరిచింది. ఇది ఆమె పని. ఈ పనిలో ఆమె ఎవరికీ భయపడదు.

"లిస్టు బాగుందా లేదా అని సెప్పడానికి వైను తాగక్కర్లేదు సార్. కాగితమే సెప్పేస్తాది. మొదటి పేజీ సూడండి. ఏ సీసాకీ సంవత్సరం రాయలేదు. ఏ ఏటి ద్రాక్షో తెలీకండా ఎవలు కొంటారు? పేపరు కొంటే తారీకు సూస్తారు కదా. రెండో పేజీలో ఉన్న నాలుగోదీ, ఐదో పేజీలో ఉన్న మొదటిదీ ఒకటే వైను. ఒక దగ్గర ఊరు పేరుతో రాసినారు, ఒక దగ్గర ద్రాక్ష పేరుతో. ఏజెంటుకే తెలీదు, రెండూ ఒకటని. మన వంటింట్లో ఏటొండుతారు? ఆర్యపల్లి రొయ్యలు, పీతలు, ఆవముద్ద పెట్టిన చేప. వీటికి పుల్లగా, తేలిగ్గా, సల్లగా ఉండే తెల్ల వైను కావాల. ఎనబై నాలుగులో అలాంటివి నాలుగు. యాబై మూడు గట్టి ఎర్రవి. కారానికి అవి తగిల్తే నోరు మండిపోద్ది. లేత గులాబి రంగువి ఆరున్నాయి, రెండేళ్లలో తాగీవలసినవి. మన దగ్గరవి ఐదేళ్లవి. గ్లాసుతో అమ్మీవి రెండంటే రెండే. ఒక్కడే వచ్చి భోంచేసీవోడు సీసా అంతా తాగాలేటి? ఇక ఎనబై నాలుగు పేర్లుంటే స్టోర్లో ఉన్నవి ముప్పై ఒకటి."

"అయిపోనాదా?"

"నేదు. ఆ ముప్పై ఒకటిలో బిరడా ఉన్నవన్నీ కలరా ఉండల వాసనొస్తన్నాయి. పట్టు బీరువాల్లో పెట్టినారు."

ఉదయ్ భాస్కర్ ముఖం ఎర్రబడింది. "రామం గాడు! ముసిలోడికి మతి..."

"ఆయన్నేటీ అనకండి." వాసవి గొంతు ఆమెకి తెలియకుండానే లేచింది. "బీరువాల్లో పెట్టమన్నది మీరు. పట్టు కన్నా జాగర్తగా సూడమన్నది మీరు. ఆయన మీరు సెప్పినట్టే సేసినాడు. అడగవలసింది మీరు, ఎవలైనా తెలిసినోల్లని. అడిగినారా?"

అతను లిస్టు మూసి, తుడిచి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు మాట మెత్తగా వచ్చింది. మెత్తగా మాట్లాడే యజమానిని చూస్తే నాకు అరిచేవాడి కన్నా ఎక్కువ భయం.

"హవు, సరే. విను. అవి పాడైనాయని నీకు తెలుసు, నాకు తెలుసు. ఈ ఒక్క పూటా సంతకం పెట్టీయి. రేపు నువ్వు సెప్పిన ఇరవై రెండూ తెప్పిస్తాను. పెట్టవా, సాయంత్రం బస్సుకి ఛత్రపురం ఎల్లిపో. నీతోపాటు ఆ ముసిలోన్నీ పంపీస్తాను."

"పంపించండి. నాను బస్సెక్కుతాను గాని, నా పేరు ఇక్కడ ఒగ్గీసి ఎల్లను. ఆరేళ్లు నా నాలిక్కి ఇంకోడి పేరెట్టుకున్నారు. ఇప్పుడు ఇంకోడి నాలిక్కి నా పేరెడతారేటి? నానొప్పుకోను."

బయట కారు ఆగిన చప్పుడైంది. ఒంటిగంటకి రావలసిన మనిషి పన్నెండుంబావుకే వచ్చేసింది.

సుశ్మితకి యాభై ఏళ్లుంటాయి. బూడిదరంగు నేత చీర, పొట్టి జుట్టు, మెడలో చలువ కళ్లద్దాలు. ఎవరినీ తొందరపెట్టని గొంతు. ఉదయ్ భాస్కర్ ఆవిణ్ని ప్రత్యేకంగా కట్టించిన చిన్న గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. వేరే తలుపున్న గది, ఆరు కుర్చీలు, కిటికీలోంచి సరుగుడు తోట. పీతలు వచ్చాయి, ఆవముద్దతో. లిస్టు ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ ప్రతి పేజీ తిప్పింది. నిదానంగా చదివింది. ఒకటి రెండు చోట్ల వేలు ఆగింది. వాసవి గోడ పక్కన నిలబడి ఆ వేలినే చూస్తోంది. రెండో పేజీలో నాలుగోదాని దగ్గర ఆగింది. ఐదో పేజీలో మొదటిదాని దగ్గర మళ్లీ ఆగింది. వాసవి గుండె ఎగిరింది. ఈవిడకి తెలుసు! కాగితం చదవడం వచ్చిన మనిషి!

"చాలా పెద్ద లిస్టు," అంది సుశ్మిత. ఆ మాట ఉదయ్ భాస్కర్‌కి పొగడ్తలా వినబడింది. "ఇదిగో, ఈ ఎర్రది తెప్పించండి." ఆవిడ చూపించింది అన్నిటికన్నా ఖరీదైనది.

"వాసవీ, తెచ్చి పొయ్యి."

వాసవి కదల్లేదు. "పొయ్యను సార్."

"ఏటీ?"

"అమ్మా, ఆ సీసా పాడైపోయింది. దాని బదులు నాసిక్‌ది తెల్ల వైను ఒకటుంది, ఈ పీతలకి బాగుంటుంది. అది తెస్తాను." ఆవిడతో మాట్లాడేటప్పుడు బెంగళూరు హోటల్లో నేర్చిన భాష వచ్చేసింది.

ఉదయ్ పెద్దగా నవ్వేశాడు. "కొత్త కదండీ, భయం. మీరేమీ అనుకోకండి." తనే వెళ్లి సీసా తెచ్చాడు. తనే బిరడా లాగాడు, సగం విరిగింది, మిగతా సగం కత్తితో పొడిచి తీశాడు. గ్లాసు నిండా పోశాడు, మజ్జిగ పోసినట్టు.

గోడ పక్కన నిలబడిన వాసవికే వాసన కొట్టింది. రెండు గజాల దూరంలో ఉంది ఆమె.

సుశ్మిత గ్లాసు తిప్పింది. కళ్లు మూసి వాసన పీల్చింది. ఒక గుక్క తాగి, నోట్లో అటూ ఇటూ తిప్పి, మింగింది.

"అద్భుతం," అంది సుశ్మిత. "నేరేడు పళ్లు. కొంచెం పొగాకు. చివర్లో దేవదారు చెక్క. ఎక్కువసేపు నిలిచే రుచి." చేతిసంచీలోంచి పచ్చ సిరా పెన్నూ, ఒక కాగితమూ తీసింది. "మూడు గుత్తులకి సిఫార్సు చేస్తున్నాను ఉదయ్ గారూ. లిస్టు మీద ఈ అమ్మాయి సంతకం ఒక్కటే తక్కువుంది."

ఉదయ్ భాస్కర్ వాసవి వైపు చూసిన చూపు నేను వర్ణించను. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఇలాంటి చూపు మీ మీదా ఎప్పుడో పడే ఉంటుంది.

వాసవి మాత్రం అతన్ని చూడట్లేదు. సీసా చూస్తోంది. సీసా వెనక అతికించిన కాగితం మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలు, పొద్దున్న తను చదివినవే. నేరేడులాంటి నల్ల పళ్లు, పొగాకు, దేవదారు, ఎక్కువసేపు నిలిచే రుచి. అదే వరసలో. గ్లాసు నింపి, ఉదయ్ ఆ సీసాని వెనక కాగితం ఆవిడకి కనబడేలా పెట్టాడు.

"అమ్మా, ఇంకొక్కసారి వాసన చూడండి," అంది వాసవి.

"నోర్ముయ్!" ఉదయ్ అరిచాడు.

"చూడండమ్మా. సీసా చూడకుండా, గ్లాసు ఒక్కటే చూడండి."

సుశ్మిత తలెత్తి వాసవిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. చాలాకాలంగా దొరకకుండా తిరుగుతున్న మనిషి దొరికిపోయినప్పుడు ఎలా చూస్తాడో అలా చూసింది. "ఉదయ్ గారూ, మమ్మల్ని రెండు నిమిషాలు వదిలేస్తారా? తలుపు వేసి వెళ్లండి."

అతను వెళ్లాడు. తలుపు పడింది.

"నాలుగేళ్లు దాటింది," అంది సుశ్మిత. "కరోనా రెండోసారి వచ్చినప్పుడు. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. కాఫీ, మల్లెపూలు, గిన్నె మాడిన వాసన, ఏదీ తెలీదు. ఒకరోజు వంటింట్లో గ్యాసు లీకైతే పక్కింటివాళ్లు వచ్చి చెప్పారు. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

వాసవికి ఆవిడ మీద జాలి ముంచుకొచ్చింది. తన ముక్కు రేపు పొద్దున్న లేచేసరికి పోతే? ఆ ఆలోచనకే ఒళ్లు చల్లబడింది. అడిగింది. "మరి ఇన్నాళ్లూ ఎలా..."

"లిస్టు చదివితే సగం తెలిసిపోతుంది. ఈ లిస్టు చెత్త అని మూడో పేజీకే తెలుసు. మిగతా సగం సీసా వెనక ఉంటుంది."

"చెత్త అని తెలిసి అద్భుతం అన్నారా!"

"పొగిడితే ఎవరూ కారణం అడగరమ్మా. తిడితే అడుగుతారు. కారణం చెప్పడానికి నా దగ్గర ముక్కు లేదు." సుశ్మిత కాగితం వాసవి ముందుకి జరిపింది. "ఇందులో నీ పేరు రాస్తాను. మూడు గుత్తులు, నీ పేరు మీద. వచ్చే నెలలో ముంబై నుంచి, హైదరాబాదు నుంచి నీకే ఫోన్లొస్తాయి. అక్కడికెళ్లి నీకు నచ్చిన లిస్టు రాసుకో. నువ్వు దానికి తగిన మనిషివే, నేను చూశాను కదా. ఈ గదిలో విన్నది మాత్రం ఇక్కడే వదిలెయ్."

ఇక్కడ వాసవి చటుక్కున కాదనేసిందని రాస్తే మీరు చప్పట్లు కొడతారు. కానీ అలా జరగలేదు. ఆమె ఆ కాగితం చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. ఆశ పుట్టింది. బాగా పుట్టింది. బెంగళూరులో ప్రతి ఏడాదీ కొత్త లిస్టు అచ్చయి వచ్చిన రోజున ఆఖరి పేజీ తిప్పి, అక్కడ పైఅధికారి పేరు చూసి, బాత్రూములోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చేది. ఇప్పుడు ఒక్క సంతకం చేస్తే చాలు. ఎవరికీ నష్టం లేదనిపించింది. రామం మావయ్య ఉద్యోగం కూడా ఉంటుంది. కళ్లు చెమర్చాయి. ఆవిడ చేతిలోంచి పచ్చ సిరా పెన్ను తీసుకుంది కూడా.

లిస్టు ఆఖరి పేజీ తెరిచింది. బంగారు అక్షరాల్లో తన పేరు. దాని పైన పేజీల్లో ఎనభై నాలుగు వైన్లు, అందులో లేనివి, పాడైనవి, రెండుసార్లు రాసినవి. రేపు ఎవరో దంపతులు పెళ్లిరోజున వచ్చి, ఈ పేరు నమ్మి, ఆ సీసా తెప్పించుకుంటారు. ఒక గుక్క తాగి, వైనంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకుని, బాగుందని ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటారు. తమకే తెలియదేమోనని సిగ్గుపడతారు. వాసవికి ఆ సిగ్గు తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది.

పేరు మీద పచ్చ గీత గీసింది. ఒకటి కాదు, మూడు. కాగితం చిరిగింది.

"అమ్మా," అంది. ఈసారి బెంగళూరు భాష రాలేదు, ఛత్రపురం వచ్చింది. "మీ ముక్కు పోడం మీ తప్పు కాదు. నాకు నిజంగా బాదగా ఉంది. రాని వాసన వచ్చినాదని రాస్తన్నారు సూడండి, అది తప్పు. నాలుగేల్లలో ఎన్ని లిస్టులకి రాసినారో, ఎంతమంది నాలాటోల్లు మీ గుత్తుల కోసం ఎదురుసూసి ఉంటారో మీకు తెలీదేటి? లిస్టు సదవడం మీ అంత బాగా నాకూ రాదు. ఆ ముక్క మీరు దైర్యంగా సెప్పుకోవచ్చు. గ్లాసు తిప్పి కల్లు మూసీ పని మాత్రం ఇంక ఒగ్గీయండి. బేరం నాకొద్దు."

సుశ్మిత ముఖం తెల్లబోయింది. "తలుపు తియ్యకు," అంది గబగబా. "తీస్తే నా ఇరవై ఏళ్ల పని పోతుంది. నీ ఉద్యోగమూ ఉండదు. ఎవరికి లాభం చెప్పు?"

"లాభం సంగతి సార్‌ని అడగండి. ఆయనది వ్యాపారం. నాది ముక్కు."

వాసవి వెళ్లి తలుపు తీసింది.

ఉదయ్ భాస్కర్ గుమ్మానికి ఆనుకునే ఉన్నాడు. వెనకాల వంటమనిషి, వడ్డించేవాళ్లిద్దరు, వాళ్ల వెనక రామం. ఉదయ్ లోపలికొచ్చి ముందు లిస్టు చూశాడు. గీతలు చూశాడు.

"ఎవలు కొట్టీసినారిది?"

"నానే. అచ్చులో నా పేరు పడాలని నాకెంత ఉందో మీకు తెలుసు సార్. అయినా నానే కొట్టీసినాను. సీసాలో ఏటుందో నాను మీకు సెప్పేసినాను. గ్లాసులో ఏటి వాసనొచ్చినాదో మాత్రం సుశ్మిత గారే సెప్పాల. అందరి ముందూ."

వంటమనిషి చేతిలో ఉన్న పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని ఉన్నాడు. సుశ్మిత చేతిసంచీ తీసి భుజాన వేసుకుంది. లేచింది. ఆవిడ వెళ్లిపోతుందనే అనుకున్నారందరూ. ఉదయ్ దారిచ్చి పక్కకి కూడా జరిగాడు.

ఆవిడ వెళ్లలేదు. సంచీ మళ్లీ కుర్చీలో పెట్టింది. గ్లాసు తీసి ఉదయ్ భాస్కర్ చేతికి ఇచ్చింది.

"ముందు మీరు వాసన చూడండి ఉదయ్ గారూ," అంది. "చూసి, నాకేం వాసన వచ్చి ఉండాలో వీళ్లందరికీ మీరే చెప్పండి. అది నాకెందుకు రాలేదో తర్వాత నేను చెబుతాను."

ఉదయ్ భాస్కర్ గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.